ఉరిసే బస్సులో మా కాపురం

మా పెళ్లయిన ఏడాదికి మా ఆయన ఒక పాత బస్సు కొన్నాడు. ఎవరిదో ప్రైవేటు బస్సు. ఊళ్లన్నీ తిరిగి తిరిగి అలిసిపోయాక, ఇక జనాన్ని ఎక్కించడానికి పనికిరాదని ఒక షెడ్డు వెనక ముళ్లకంపల్లో వదిలేశారు. దాన్ని చూసి వచ్చిన రోజు ఆయన అన్నం సరిగా తినలేదు. చెయ్యి కంచంలో ఉంది గానీ చూపు ఎక్కడో ఉంది.

“సీట్లు పీకేస్తే లోపట ఎంత జాగనో ఎరుకేనా? మన రెండర్రలు కల్పినా గంత లేదు,” అన్నాడు నాతో.

“అయితే?”

“అయితే ఏముంది. అండ్లనే ఉందాం.”

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్పుడు నాకు అర్థమైంది, ఇది మాటవరసకు అన్న మాట కాదని.

మాది వరంగల్ కొత్తవాడ. ఏ ఇంటి ముందు నడిచినా లోపల జంపఖానా మగ్గం చప్పుడు వినిపించే వాడ. మా మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. మగ్గాలు మా బావ చూసుకునేవాడు. మా ఆయనకు మాత్రం మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చోవడం చిన్నప్పటి నుంచీ పడలేదట. డ్రైవింగు నేర్చుకుని లారీల మీద, బస్సుల మీద పనిచేశాడు. వాడలో నేసిన జంపఖానాలన్నీ షావుకార్ల దుకాణాలకు పోతాయి, అక్కడి నుంచి ఎటో పోతాయి. పక్కనున్న పల్లెలవాళ్లు మాత్రం పెళ్లికో పేరంటానికో ఒక జంపఖానా కావాలంటే వరంగల్ దాకా రావాలి. మనమే ఊరూరికీ తీసుకుపోతే ఎట్లా ఉంటుందని ఆయన ఆలోచన. ఊరూరూ తిరిగేవాడికి ఊరికో చోట తల దాచుకునే తిప్పలు ఎందుకు, ఇల్లే వెంట వస్తే పోదా అని దానికి తోక.

మా అత్త ఒప్పుకోలేదు. “ఇల్లుండంగ బస్సుల కాపురమా? మనమేమన్న సర్కస్ కంపెనోళ్లమారా?” అన్నది. మా నాయన మా ఊరి నుంచి చూడటానికి వచ్చాడు. ముందు తలుపు ఎక్కి, వెనక తలుపు దిగి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగాడు. చాలాసేపటికి “గాలి మంచిగొస్తది” అన్నాడు. 

రెండు నెలలు ఆయన దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. డ్రైవరు సీటు వెనక చెక్క మంచం. నడుమ రెండువైపులా జంపఖానాలు దొంతర్లు పెట్టుకునే అరలు. చివర ఒక మూల కిరోసిన్ స్టవ్వు, గిన్నెలకు బల్ల. అన్నిటికంటే ఆయన గర్వపడింది నల్లా గురించి. బస్సు టాపు మీద, సామాన్ల క్యారియరులో ఒక రేకు డ్రమ్ము కట్టి, దానికి పైపు వేసి, పైపును లోపలికి దించి వంటమూలలో నల్లా బిగించాడు.

మా అత్త జన్మంతా వీధి నల్లా దగ్గర బిందెల వరసలో నిలబడిన మనిషి. నల్లా బిగించిన రోజు ఊరికే చూసిపోదామన్నట్టు ఎక్కింది. తిప్పింది. నీళ్లు వచ్చాయి. చేతులు కడుక్కుని కట్టేసింది. మళ్లీ తిప్పింది. ఈసారి మొహం కడుక్కుంది. తెల్లారి తన బొంత, ఆకువక్క సంచి తెచ్చుకుని మంచం మీద కిటికీ వైపు పరుచుకుంది.

“రానంటివి గదనే అవ్వా?” అన్నాడు మా ఆయన.

“మీ ఇద్దర్ని ఇడిస్తే ఏం తింటరో ఏం పంటరో. నాకు ఫికరు గాదా?” అన్నది.

అట్లా మంచం ఆమెదైంది. జంపఖానాల దొంతర్ల నడుమ సందు మాదైంది.

మొదటి ఎండాకాలం హాయిగా గడిచింది. పరకాల, ములుగు, నర్సంపేట. సంత ఉన్న రోజు సంతలో, లేనిరోజు ఏ ఊరి నడుమనైనా ఆపి, వెనక తలుపు తెరిచి రంగురంగుల జంపఖానాలు కిటికీలకు వేలాడదీసేవాళ్లం. మా అత్త మెట్టు మీద కూర్చుని వచ్చిన ఆడవాళ్లందరితో వరసలు కలిపేది. కొన్నవాళ్లూ కొననివాళ్లూ అందరూ మా నల్లా చూసిపోయేవాళ్లు.

మిరుగం కార్తె ప్రవేశించాక మొదటి వాన నర్సంపేటలో పడింది. మధ్యాహ్నం అన్నాలు తిని కూర్చున్నాం. సంతకొచ్చిన రైతులు వానలోనే నిలబడి నవ్వుకుంటున్నారు. మేమూ తలుపు దగ్గర నిలబడి మట్టివాసన పీలుస్తున్నాం. అప్పుడు వెనక నుంచి మా అత్త గొంతు వినిపించింది.

“ఓ పిల్లా, గీడ ఏదో టప్పుటప్పు మంటాంది.”

పోయి చూస్తే మంచం కాళ్లవైపు దొంతర మీద పైకప్పు చెక్కలోంచి నీటిచుక్క పడుతోంది. ఎప్పటి నుంచి పడుతోందో. పై జంపఖానా ఎర్ర చారలది. ఎరుపు దిగి, కింద ఉన్న తెల్లదాంట్లోకి, దాని కిందిదాంట్లోకి పాకింది. మా ఆయన తల పట్టుకున్నాడు. మా అత్త మాత్రం ఆ ఎర్రచారను రెండు వేళ్లతో రుద్ది, వాసన చూసి, “ఇది నా చేతి రంగు గాదు. నేనద్దిన రంగు గంగల ముంచినా దిగది,” అన్నది. ఆ సమయంలో ఆమెకు అదే ముఖ్యమైన విషయంలా కనిపించింది.

మా దగ్గర ఇంట్లోకి వాన కారితే ఇల్లు ఉరుస్తాంది అంటారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మాటలన్నీ ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగాయి. ఎక్కడ ఉరుస్తాంది, ఎందుకు ఉరుస్తాంది, నిన్న ఉరవనిది ఇయ్యాల ఎందుకు ఉరుస్తాంది.

వాన తెరిపివ్వగానే ఆయన తారు తెచ్చాడు. వెనక నిచ్చెన ఎక్కి, చుక్క పడినచోటికి సరిగ్గా పైన, రేకుల అతుకు మీద ముద్దగా పూశాడు. మళ్లీ వాన వస్తే చుక్క అక్కడే పడింది. ఇంకాస్త దూరం దాకా పూశాడు. మళ్లీ పడింది. టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించాడు. ములుగు దారిలో గాలికి అది తెగి, ఒక పొలంలో వాలింది. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు దాన్ని మాకు మడిచి ఇస్తూ ఒకటే నవ్వు. ఆ వానాకాలం అయ్యేసరికి బస్సు టాపంతా నల్లబడింది. చుక్క మాత్రం తన చోటు మార్చుకోలేదు. దాని కింద ఒక సత్తుగిన్నె పెట్టుకున్నాం. వాన పెరిగితే ఆ గిన్నె చప్పుడును బట్టే తెలిసేది.

చలికాలంలో ఒక విచిత్రం జరిగింది. మబ్బుతునక లేని పొద్దుటిపూట, వంటమూల గోడ తడిగా ఉంది. చెక్క ఉబ్బింది. మా అత్త అరచెయ్యి ఆనించి, “వాన లేకుంట ఉరుసుడేందిరా? దయ్యం గియ్యం ఉన్నదా ఈ బస్సుల?” అన్నది.

మా ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది. “దొరికింది!” అంటూ చొక్కా విప్పేసి టాపెక్కాడు. దొరికింది డ్రమ్ము. డ్రమ్ముకూ పైపుకూ నడుమ అతుకు దగ్గర సన్నగా నీరు ఊరి, రేకు మీద పాకుతోంది. నీళ్లన్నీ వదిలేసి ఆ అతుకు విప్పాడు. “జంపఖాన నూలు జరంత ఇయ్యి,” అని పైనుంచి అరిచాడు. నేను ఒక కండె నుంచి నూలు తీసి అందించాను. పైపు మరల చుట్టూ ఆ నూలు చుట్టి, తెల్లటి సఫేదా పూసి, పానాతో బిగించాడు. గోడ ఆరిపోయింది. ఇన్నాళ్లూ వాన అనుకున్నదంతా ఈ డ్రమ్ము చేసిన పనేనని ఆయన తీర్మానించాడు. సత్తుగిన్నె తీసుకెళ్లి వంటలో పెట్టేశాడు. ఆ చలికాలమంతా ఈల వేసుకుంటూ బండి నడిపాడు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు మిట్టమధ్యాహ్నం పరకాల దారిలో చెట్టునీడ కోసం వెతుక్కుంటూ పోతున్నాం. మా అత్త మంచం మీద నిద్రపోతోంది. ఉన్నట్టుండి కెవ్వుమంది. బండి ఆపి చూస్తే, వేడికి కరిగిన తారు ఏదో సందులోంచి దిగి, చెక్కలోంచి ఆమె జుట్టు మీద పడుతోంది. కాలలేదు, అదొక్కటే నయం. కానీ తెల్లటి జుట్టు నడినెత్తిన నల్లగా, జిగటగా ముద్ద కట్టింది.

“వానకాలం నీళ్లు, ఎండకాలం తారు! ఇల్లు గట్టినవా, కొరివి దయ్యాన్ని దెచ్చినవారా?” అని కొడుకును తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఆయన స్టీరింగు మీద తల వాల్చి కూర్చున్నాడు.

ఒక రేగుచెట్టు కింద బండి ఆపుకున్నాం. నేను పల్లినూనె వెచ్చచేసి, ఆమెను నా ముందు కూర్చోబెట్టుకుని ఆ తారు తీయడం మొదలుపెట్టాను. నూనె రాయాలి, వేళ్లతో మెత్తబరచాలి, దువ్వెనతో కొద్దికొద్దిగా లాగాలి. పొద్దు వాలేదాకా పట్టింది. అంతవరకు మా ఇద్దరి మధ్య అత్తాకోడళ్లకు ఉండాల్సిన దూరం ఉండేది. ఆమె చెప్పేది, నేను చేసేదాన్ని. ఆ పూట తల నా చేతుల్లో ఉండటం వల్లనో ఏమో, ఆమె మాటలు మొదలుపెట్టింది. తన పెళ్లి గురించి, కొత్తవాడకు వచ్చిన కొత్తలో రంగులబట్టీ దగ్గర తనకు అప్పజెప్పిన పని గురించి. మామ మగ్గం మీద, ఆమె రంగుల గంగాళం దగ్గర. చేతులు మోచేతుల దాకా ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా ఉండేవట. పక్కింటి పిల్లలు ఆమె చేతులు చూసి ఆ రోజు ఏ రంగు నూలో చెప్పేవాళ్లట.

“నీళ్లు కనవడయి బిడ్డా. రంగేస్తెనే కనవడ్తయి. నూలుల యాడ తడి పట్టిందో యాడ పట్టలేదో రంగే జెప్తది,” అన్నది నూలు గురించి.

అని, ఆగింది. నేను కూడా దువ్వెన ఆపాను. ఆమె తల తిప్పి నా మొహంలోకి చూసింది. తర్వాత ఇద్దరం ఒకేసారి బస్సు టాపు వైపు చూశాం.

కొత్తవాడకు తిరిగి వచ్చిన మరునాడే ఆ పని పెట్టుకున్నాం. అప్పటికే ఒక అకాల వాన పడి, పాతచోటే చుక్క పడి, డ్రమ్ము తీర్మానం తప్పని తేలిపోయింది. మా ఆయన ఇక ఏ మాటకూ ఎదురు చెప్పే స్థితిలో లేడు. వాడ చివర ఖాళీ జాగాలో బస్సు నిలబెట్టాం. బావ ఇంటి బట్టీ నుంచి మా అత్త మూడు బిందెల్లో రంగునీళ్లు కలిపించింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం.

“పైకెక్కి నేను పోస్తనవ్వా,” అన్నాడు ఆయన.

“నువ్వు తారు వూసుడుల బీయే పాసైనవ్ తియ్యి. జరుగు,” అని ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని నిచ్చెన పట్టుకుంది.

అరవై దాటిన మనిషి. ఆయన కింది నుంచి పట్టుకోబోతే కాలితో విదిలించింది. పైకి చేరి, క్యారియరు కమ్మీ పట్టుకుని నిలబడి, ఒకసారి వాడంతా చూసింది. మగ్గాల చప్పుళ్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆడవాళ్లు చేతుల్లో కండెలతోనే బయటికి వచ్చారు. “ఓ వదినె, బస్సుకు గూడ రంగద్దుతానవా ఏంది?” అని ఎవరో అడిగారు. “అద్దుతాన, నీ మొగని నెత్తికి గూడ అద్దాల్నా?” అని పైనుంచి జవాబు.

నేను లోపల ఉన్నాను. చుక్క పడేచోట ఒక తెల్లగుడ్డ పరుచుకుని దాని పక్కన కూర్చున్నాను. మా ఆయన కింద నిలబడి బిందెలు అందించాలి. మా అత్త ముందుగా డ్రమ్ము చుట్టూ ఎరుపు పోసింది. రేకు మీద నీళ్లు పాకే చప్పుడు నాకు నెత్తి మీద వినిపిస్తోంది. గుడ్డ తెల్లగానే ఉంది.

“ఏమన్న వస్తాందా?”

“లేదత్తా!”

ఆకుపచ్చ బిందె నడుమ అతుకుల మీద, మా ఆయన తారు పూసిన చోటల్లా పోసింది. చాలాసేపు చూశాం. ఏమీ రాలేదు. ఆయన తారు అక్కడ బాగానే పనిచేసింది, ఆ మాట చెప్పాలి. కిటికీల మీదుగా ఆకుపచ్చ నీళ్లు కారుతుంటే లోపలికి చెరువులో కూర్చున్నట్టు వెలుతురు వచ్చింది.

మిగిలింది నీలం. మంచానికి ఆ చివర, బస్సు వెనక భాగం. అక్కడ పోసి ఏం లాభం, చుక్క పడేది ముందు వైపు కదా అని ఆయన గొణగడం వినిపించింది. ఆమె వినలేదు. నిచ్చెన బిగించిన చోట నీలం బిందె వంపింది.

నేను గుడ్డ వైపే చూస్తున్నాను. ఏమీ లేదు. బయట జనం మాటలు తగ్గిపోయాయి. రెప్ప వేయకుండా చూసీ చూసీ కళ్లు మండుతున్నాయి. లేదత్తా అని అరవబోతూ నోరు తెరిచాను. గుడ్డ నడుమ చిన్న నీలపుచుక్క. దాని పక్కన ఇంకొకటి.

“అత్తా! నీలం! నీలం వచ్చింది!”

బయట జనం ఒక్కసారిగా కేకలు వేశారు. ఎందుకు వేస్తున్నారో సగం మందికి తెలియకపోయినా వేశారు. మా ఆయన లోపలికి పరుగెత్తుకొచ్చి ఆ గుడ్డ తీసి వెలుతురుకు పట్టి చూశాడు. తర్వాత చెక్క ఊడదీస్తే దారి మొత్తం కనిపించింది. వెనక నిచ్చెన బోల్టు దగ్గర దిగిన నీళ్లు, రేకు కింద ఇనుప కమ్మీ మీదుగా బస్సు పొడవునా నడిచి వచ్చి, మంచం కాళ్లవైపు కమ్మీ వంగినచోట రాలుతున్నాయి. కమ్మీ నిండా నీలపు గీత. ఆ నిచ్చెన బోల్టు ఎందుకు వదులైందో కూడా అప్పుడే తెలిసింది. ముందు డ్రమ్ము నింపడానికి, తర్వాత తారు పూయడానికి ఎక్కినప్పుడల్లా ఆయన బరువంతా దాని మీదే వేశాడు. ఎంత పూస్తే అంత ఎక్కాడు, ఎంత ఎక్కితే అంత వదులైంది.

ఆయన ఆ బోల్టును పట్టి ఊపి చూసి, మా మొహాలు చూసి, చివరికి తనే నవ్వడం మొదలుపెట్టాడు. మా అత్త పైనుంచి దిగడానికి మాత్రం తర్వాత చాలా భయపడింది. ఎక్కినప్పుడున్న ధైర్యం పని అయిపోగానే పోయింది. వాడలో ఆమెకు మరదళ్ల వరసయ్యే ఇద్దరు, కొడుకు, నేను కలిసి దించాం. దిగాక ఆమె చీర అంచంతా మూడు రంగులు.

ఆ సాయంత్రం పాత లారీ ట్యూబు కోసి గుండ్రటి రబ్బరు బిళ్లలు చేశాం. ఆయన పైన కూర్చుని బోల్టు తిప్పుతుంటే నేను లోపల గిన్నెల బల్ల మీద నిలబడి నట్టును పానాతో కదలకుండా పట్టుకున్నాను. మాట సరిగా వినపడదు కాబట్టి రేకు మీద కొట్టి చెప్పుకున్నాం. ఒక దెబ్బ కొడితే తిప్పు, రెండు కొడితే ఆగు. అన్ని బోల్టులూ అయిపోయాక పైనుంచి ఇంకో దెబ్బ వినిపించింది. నేనూ కొట్టాను. మళ్లీ ఆయన కొట్టాడు. “పనైపోయె గదా, ఇంకేం కొట్లాట?” అని మా అత్త అడిగేదాకా అట్లాగే కొట్టుకుంటూ ఉన్నాం.

చిన్నచిన్నవి తర్వాత కూడా ఉన్నాయి. కిటికీ రబ్బరు ఎండి బిరుసెక్కి సందిచ్చేది. సాయంత్రం దేవుడి పటం ముందు వెలిగించిన ఊదుబత్తి పొగ ఒక కిటికీ దగ్గర ఎప్పుడూ పక్కకు వంగుతోందని నేను గమనించాను. గాలి వచ్చే సందులోంచి వానా వస్తుంది కదా. అప్పటి నుంచి వానాకాలానికి ముందు ఊదుబత్తి పట్టుకుని కిటికీ కిటికీ తిరగడం నా పని అయింది. చూసేవాళ్లకు బస్సుకు పూజ చేస్తున్నట్టు ఉండేది.

ఆ మరుసటి ఎండాకాలంలో జరిగింది చెప్పాలి. నర్సంపేట అవతల ఒక చిన్న ఊళ్లో ఒక రైతు బిడ్డ పెళ్లి. పెళ్లివారిని కూర్చోబెట్టడానికి ఆయన మా దగ్గర జంపఖానాలు తీసుకున్నాడు. తెల్లారి పెళ్లి చూసి పొమ్మని మమ్మల్ని కూడా ఉండమన్నాడు. పొద్దున్న ఎండ ఫెళఫెళలాడింది. ముహూర్తం పగటిపూట. పొద్దు నడినెత్తికి వచ్చేవేళకు పడమట నల్లగా లేచింది. గాలిదుమారం వచ్చి పచ్చటి పందిరిని ఒక్క ఊపుతో ఎత్తి ఇంటి మీద పడేసింది. వెనకే వాన, వడగండ్లు. ఆ ఇంటి పెంకులు జారిపోయాయి. ఎవరింట్లో చూసినా అదే గతి. జనం గోనెసంచులు నెత్తిన వేసుకుని ఎవరికి తోచిన చూరు కింద వాళ్లు నిలబడ్డారు.

పెళ్లికూతురు తండ్రి తడిసి ముద్దయి మా బస్సు తలుపు దగ్గరికి వచ్చాడు. 

“అన్నా, ముహూర్తం దాటిపోతాంది. ఇల్లంత నీళ్లే. జర నీ బస్సుల…”

మా ఆయన జవాబు చెప్పేలోపే మా అత్త లేచింది. “ఇంక అడుగుడేంది? పిల్లను తోల్కరా పో! పిల్లా, ఆ కొత్త జంపఖాన దియ్యి, పెద్దది!”

మంచం మీది సామాన్లన్నీ డ్రైవరు సీటులోకి విసిరాం. నడుమ సందులో పెద్ద జంపఖానా పరిచాం. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, ఇద్దరి తల్లిదండ్రులు, అయ్యగారు, ఇంకా ఎంతమంది పడితే అంతమంది. మిగిలినవాళ్లు కిటికీల దగ్గర గొంగళ్లు కప్పుకుని లోపలికి తలలు పెట్టారు. సన్నాయి ఊదేవాళ్లు వెనక మెట్ల మీద నిలబడ్డారు. వడగండ్లు రేకు మీద పడుతుంటే అయ్యగారి మంత్రాలు ఆయనకే వినపడి ఉండవు. కూర్చోబోతూ ఆయన పైకి చూసి అడిగాడు, “ఇది ఉరువది గదా నాయనా?”

మా ఆయన గొంతు సవరించుకుని, “ఉరువదయ్యగారూ,” అన్నాడు. ఆ తర్వాత పెళ్లి చూసింది మేమే. ఆయన పైకప్పును మాత్రమే చూశాడు. జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి పెళ్లికొడుకు భుజం మీద టప్పున ఒక చుక్క పడింది. మా ఆయన మొహం పాలిపోయింది.  చూస్తే, అయ్యగారు తన తడిసిన కండువాను పైన కమ్మీకి ఆరేశాడు. దానిలోంచి పడింది. మా ఆయన పెళ్లిపీటల మీదుగా చెయ్యి చాపి ఆ కండువా లాగి, కిటికీలోంచి బయట ఎవరి చేతిలోనో పెట్టాడు. ఇంకొక చుక్క పడలేదు.

పుస్తె కట్టారు. తలంబ్రాలు ఎంత పోసుకున్నారో, చాలా రోజుల దాకా చెక్కల సందుల్లోంచి పసుపు బియ్యం తేలుతూనే ఉన్నాయి. చీమలు పట్టాయి. మా అత్త వాటిని ఊడ్వనియ్యలేదు, “లచ్చిమొచ్చిన ఇల్లు, ఉండనీయ్” అన్నది. వాన వెలిశాక హోమం బయట చేసుకున్నారు. తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్లకు పోతే పిల్లలు “పెండ్లి బస్సొచ్చింది” అని వెంటపడేవాళ్లు. ఆ పెళ్లికూతురు సంతలో ఎప్పుడు కనిపించినా ముందు బస్సు ఎక్కి, తాను కూర్చున్నచోట ఒక నిమిషం కూర్చుని, అప్పుడు మాతో మాట్లాడేది.

మాకు బిడ్డ పుట్టింది. ఆ పిల్ల బడికి పోయే వయసు వచ్చాక హనుమకొండలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఒక చిన్న దుకాణం కూడా పెట్టుకున్నాం. బస్సు ఇంటిముందే ఉండేది. సంతలకు ఆయన ఒక్కడే పోయి సాయంత్రానికి వచ్చేవాడు. ఇంటికి స్లాబు వేసి ఉంది. వాన వచ్చినా లోపలికి చప్పుడు రాదు. మా అత్తకు అది నచ్చలేదు. “వాన వడ్తాందో లేదో ఎరుకైతలేదు ఈ ఇంట్ల,” అని, మబ్బు పట్టగానే చేతికర్ర పట్టుకుని బస్సులోకి పోయి తన మంచం మీద కూర్చునేది. నా బిడ్డ వెంట పోయేది. ఇద్దరూ కిటికీ దగ్గర పల్లీలు తింటూ, వాన తగ్గితే గానీ వచ్చేవాళ్లు కాదు. ఆమె కన్నుమూసిన ఏడాది వానలు బాగా పడ్డాయి. వాన పడుతుంటే మాత్రం ఆ బస్సులోకి మేమెవరం ఎక్కలేదు.

మరికొన్నాళ్లకు ఆయన దాన్ని అమ్మేశాడు. కొన్నతను వచ్చిన పొద్దున నేను కిటికీలోంచి చూస్తున్నాను. మా ఆయన అతన్ని టాపు మీదికి తీసుకెళ్లి ప్రతి బోల్టూ చూపించాడు. రబ్బరు బిళ్లలు ఎప్పుడు మార్చాలో చెప్పాడు. దిగి, కిటికీల చుట్టూ వేలు పెట్టి చూపించాడు. డ్రమ్ము అతుకు దగ్గర నూలు ఎట్లా చుట్టాలో తన వేలికి దారం చుట్టి మరీ చూపించాడు. అతను ఓపికగా తల ఊపుతూ అన్నీ విన్నాడు. తర్వాత బస్సు ఎక్కి స్టార్టు చేసుకుని వెళ్లిపోయాడు.

మా ఆయన లోపలికి వచ్చి కూర్చుని చాయ్ అడిగాడు. ఇచ్చాను. తాగడం అయ్యాక చెప్పాడు.

“ఆయనకు బస్సు బాడీతోని పనిలేదంట. పీకేసి లారీ కట్టుకుంటడంట. పోయేటప్పుడు జెప్పిండు.”

“మరి గంతసేపు ఎందుకు చూసిండు?” అన్నాను.

“నేను జెప్తాన గదా, విన్నడు,” అన్నాడాయన. “మంచోడు.”